మీ ప్రశ్నలు – మా జవాబులు: హాఫిజ్ ముత్యాలకి దారం ఎక్కడ?

ప్రశ్న: నమస్తే సార్, గుంటూరులో ఎమ్మే చదువుతున్నా, పర్షియన్ సాహిత్యంలో కొహీషన్, కొహీరెన్స్ మీద ప్రాజెక్టు. హాఫిజ్‌ది 'షిరాజీ తుర్క్' గజల్ ఇంగ్లీషు అనువాదం తీసుకుని, వాక్యాల్ని కలిపేవని భాషాశాస్త్రవేత్తలు హాలిడే, హసన్ చెప్పిన ఐదు రకాల లింకులూ లెక్కపెట్టా, టేబుల్ నిండిపోయింది. కానీ చదివితే ఒక బైతుకీ (రెండు పాదాల జంట) ఇంకో బైతుకీ సంబంధమే కనపడట్లా. తప్పు నాదా, హాఫిజ్‌దా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట

జవాబు: ఇద్దరిదీ కాదమ్మా, నువ్వు లెక్కపెట్టింది అనువాదకుడి కుట్లు. కొహీషన్ అంటే పైకి కనపడే కుట్టు, కొహీరెన్స్ అంటే చదివేవాళ్ళ బుర్రలో విషయం కుదరడం. "ఇవాళ ఇడ్లీ లేదా?" "రాత్రి కరెంటేదీ?" ఈ రెండిటి మధ్యా కుట్టే లేదు, అయినా గ్రైండర్ తిరగలేదని బెజవాడలో ఎవరికైనా అర్థమైపోద్ది. అదే "బెంజి సర్కిల్లో బస్సెక్కా, బస్సు ఎర్రగా ఉంది, ఎరుపంటే గుంటూరు మిర్చి, మిర్చి నాకు పడదు" అన్నావనుకో, కుట్టు మీద కుట్టు, విషయం మాత్రం సున్నా.

హాలిడే, హసన్‌ల 1976 పుస్తకం ఇంగ్లీషు గురించి. పర్షియన్లో మనలాగే క్రియ చివర చూస్తే ఎవరో తెలిసిపోద్ది కాబట్టి సర్వనామం చాలాసార్లు ఎగిరిపోద్ది, పైగా అతనికీ ఆమెకీ కలిపి 'ఊ' అని ఒకటే మాట. ప్రియుడా ప్రియురాలా అన్నది హాఫిజ్ తేల్చడు, ఇంగ్లీషోడు తేల్చక తప్పదు. నీ టేబుల్లో సర్వనామాల గడులు నిండింది అందుకే.

అసలు కుట్టు వేరే చోట ఉంది. ఆ గజల్లో ప్రతి బైతూ 'రా' అనే మాటతో ఆగుద్ది (మన 'రా రా' కాదు, 'ని, ను' లాంటి విభక్తి), దాని ముందు 'ఆ' ప్రాస. బుఖారా రా, జులేఖా రా, చివరికి సురయ్యా రా. ఇలా ప్రతిసారీ తిరిగొచ్చే ఆ 'రా'నే రదీఫ్ అంటారు. మన శతకంలో మకుటం చేసే పనే ఇది, పద్యం దేనికది విడిగా నిలబడ్డా అన్నీ ఒక ఇంటివే అని తెలుస్తాయి. ఇంకోటి, గులాబీ అంటే బుల్‌బుల్, దీపం అంటే దీపప్పురుగు, ఇలా ఒక కుటుంబం మాటల్ని ఒకచోట చేర్చడానికి వాళ్ళ అలంకారశాస్త్రంలో మురాఅతె నజీర్ అని ఎప్పుడో పేరు పెట్టేశారు. హాలిడే లెక్సికల్ కొహీషన్ (మాటల చుట్టరికంతో పడే కుట్టు) అన్నదానికి ఇది దగ్గరి చుట్టం, నీ ప్రాజెక్టులో దీనికో చాప్టర్ పెట్టు.

ఇక బైతుల వరుసంటావా, హాఫిజ్ గజళ్ళలో చాలావాటికి రాతప్రతిని బట్టి అది మారుద్ది, కథలాగా ముందూ వెనకా ఉంటే అలా కుదరదుగా. ఈ గజల్ ఆఖర్లో హాఫిజ్ తనని తానే 'గజల్ చెప్పావు, ముత్యాలకి బెజ్జం వేశావు' అని మెచ్చుకుంటాడు. బెజ్జం వేసేది దారం ఎక్కించడానికేగా! ప్రాచ్యభాషల పండితుడు విలియం జోన్స్ 1771లో దీన్ని ఇంగ్లీషులో పెడుతూ ఆ ముత్యాల్ని 'ఎలా పడితే అలా' గుచ్చినట్టు రాశాడు. ఆ 'ఎలా పడితే అలా' హాఫిజ్‌ది కాదు, జోన్స్ సొంతం, కానీ గజల్‌కి పొందిక లేదనే పేరు ఆ మాటతోనే గట్టిగా అతుక్కుపోయింది. పర్షియన్ మూలానికి లిప్యంతరం ఉన్న ప్రతి ఒకటి సంపాదించి మళ్ళీ లెక్కపెట్టు, టేబుల్ చిన్నదైపోద్ది, కంగారుపడకు.

ప్రశ్న: మరి ఉమర్ ఖయ్యాం రుబాయీలు పొద్దున మొదలై రాత్రితో ముగిసే ఒకే కథలా ఉంటాయే?
– లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల పిచ్చోడు, విజయవాడ

జవాబు: అది ఖయ్యాంని ఇంగ్లీషులోకి తెచ్చిన ఫిట్జ్‌జెరాల్డ్ కూర్పండీ. రుబాయీ అంటే నాలుగు పాదాల్లో ముగిసిపోయే విడి పద్యం, పర్షియన్ సంకలనాల్లో ప్రాస చివరి అక్షరాన్ని బట్టి వరస పెట్టేవాళ్ళు. ఆయన 1859లో 75 ఏరుకుని, కొన్నిచోట్ల రెండుమూడు కలిపేసి, తెల్లారడం నుంచి చంద్రోదయం దాకా పేర్చాడు. పర్షియన్ నేర్చుకుని ఖయ్యాంని తెలుగులోకి తెచ్చిన దువ్వూరి రామిరెడ్డి గారి 'పానశాల' మీ పాత పుస్తకాల కొట్లో దొరికితే వదలకండి, పక్కపక్కన పెట్టుకుని చదివితే భలే ఉంటది. రెండు కాపీలు కనపడితే ఒకటి నాకు.