హెచ్‌ఎం కాబోయే టీచర్ స్కూలు నిధుల గురించి ముందుగా ఏం తెలుసుకోవాలి?

గుంటూరు జెడ్పీ హైస్కూల్లో పనిచేస్తూ, ప్రమోషన్ రాకముందే ఇది అడిగారంటే సగం టెన్షన్ తగ్గినట్టే.

జీతాల సంగతి వదిలేయండి, అవి ఖజానా నుంచి నేరుగా ఖాతాల్లో పడతాయి. మీరు ఖర్చు రాయాల్సింది ముఖ్యంగా సమగ్ర శిక్ష (కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే బడి విద్య పథకం) కాంపోజిట్ గ్రాంటుకి, అంటే బడి రోజువారీ అవసరాలకు ఏటా ఇచ్చే డబ్బుకి. ఈ పథకంలో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40. గ్రాంటుకి కొలత పిల్లల సంఖ్యే: 101 నుంచి 250 మంది ఉంటే ఏడాదికి 50 వేలు, 250 దాటితే 75 వేలు, వెయ్యి దాటితే లక్ష. అందుకే యూడైస్‌లో, అంటే బడుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ డేటాబేస్‌లో, పిల్లల లెక్క తప్పు పడితే డబ్బూ తగ్గొచ్చు. నన్నడిగితే బడ్జెట్‌లో మొదటి పాఠం అదే. ఈ గ్రాంటులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు పెట్టాలి. సుద్దముక్కలు, చిన్నాచితకా రిపేర్లు మిగతాదాంట్లోనే.

విద్యాహక్కు చట్టం ప్రకారం గ్రాంటు ఖర్చును తల్లిదండ్రుల కమిటీ గమనిస్తుంది, కాబట్టి వోచర్లు భద్రం. ఈ ఏడాది క్యాష్‌బుక్ రాసే పని మీరే అడిగి తీసుకోండి.