తొమ్మిదో తరగతి ఇంగ్లీషుకు పాఠ్యపుస్తకం ఏది?

ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో వంటి డాలస్ పరిసర ప్రాంతాలకు కొత్తగా వచ్చి, పిల్లల్ని హైస్కూల్లో చేర్పించిన తెలుగు తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే సందేహం ఒకటుంది. ఇంగ్లీషుకు సిలబస్ ఏది, పుస్తకం ఏది, ఏయే పాఠాలు పరీక్షకు వస్తాయి అన్నదే ఆ సందేహం. లెక్కలకూ సైన్సుకూ ఈ ప్రశ్నకు కొంతవరకు సూటిగా సమాధానం దొరుకుతుంది. ఇంగ్లీషుకు అలా దొరకదు. ఒక స్కూల్లో షేక్‌స్పియర్ నాటకం చదువుతూ ఉంటే పక్క ఊరి స్కూల్లో ఇటీవలి నవల ఒకటి నడుస్తూ ఉంటుంది. ఒకే స్కూల్లో ఇద్దరు టీచర్లు వేర్వేరు కథలు చెబుతూ ఉండడమూ కద్దు. దీన్ని చూసి ఇక్కడ ఒక పద్ధతంటూ లేదని చాలామంది నిర్ణయానికి వచ్చేస్తారు. పద్ధతి ఉంది, చాలా కట్టుదిట్టంగానే ఉంది. కాకపోతే ప్రభుత్వం నిర్ణయించినది ఏ పుస్తకం చదవాలన్నది కాదు, చదివిన దానితో విద్యార్థి ఏం చేయగలగాలన్నది.

టెక్సాస్‌లో ఈ ప్రమాణాలను టెక్సాస్ ఎసెన్షియల్ నాలెడ్జ్ అండ్ స్కిల్స్ అంటారు. టీచర్లు క్లుప్తంగా టీక్స్ అంటారు. 2017లో ఆమోదం పొందిన ప్రస్తుత ఇంగ్లీషు ప్రమాణాలు హైస్కూళ్ళలో 2020–21 విద్యా సంవత్సరం నుంచి అమలులో ఉన్నాయి. రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైటులో వీటిని ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. న్యూజెర్సీ నుంచో కాలిఫోర్నియా నుంచో మారి వచ్చినవారికి కామన్ కోర్ అన్న పేరు పరిచయమై ఉంటుంది. 2010లో రూపొందిన ఆ ఉమ్మడి ప్రమాణాలను టెక్సాస్ ఎన్నడూ స్వీకరించలేదు, వర్జీనియా కూడా స్వీకరించలేదు; మినసోటా ఇంగ్లీషుకు మాత్రం తీసుకుని లెక్కలకు వద్దన్నది. కాబట్టి వేరే రాష్ట్రంలో ఉన్న బంధువులు పంపించే సలహాలనూ వర్క్‌షీట్లనూ మీ రాష్ట్రపు ప్రమాణాలతో ఒకసారి సరిచూసుకున్న తరువాతే పిల్లల ముందు పెట్టండి. అయితే లోపలి సారంలో పెద్ద తేడా లేదు. రచనలోని ఆధారం చూపించి మాట్లాడమని అన్ని రాష్ట్రాలూ అడుగుతాయి.

ఒక్క ప్రమాణాన్ని తీసుకుని చూస్తే పాఠం ఎలా తయారవుతుందో అర్థమవుతుంది. ఇంగ్లీష్ వన్, అంటే సాధారణంగా తొమ్మిదో తరగతిలో, పాత్రచిత్రణ ద్వారానూ కథాగమనం ద్వారానూ ఇతివృత్తం ఎలా రూపుదిద్దుకుంటుందో విశ్లేషించాలనీ, వేర్వేరు సంస్కృతులకు చెందిన రచనల్లో అటువంటి ఇతివృత్తాలను పోల్చాలనీ ఒక అంశం ఉంది. టీచరు ముందుగా ఈ అంశాన్ని దగ్గర పెట్టుకుని, దానికి సరిపడే కథనో నాటకాన్నో ఎంచుకుని, ఏ ఘట్టం దగ్గర ఆగి ఏ ప్రశ్న వేయాలో నిర్ణయించి, చివర్లో రాయించే వ్యాసం కూడా అదే అంశాన్ని పరీక్షించేలా ప్రశ్నను తయారుచేస్తారు. కథ మారినా అంశం మారదు. సంవత్సరాంతపు రాష్ట్ర పరీక్షలో వచ్చేవి పిల్లలు అంతకుముందు క్లాసులో చదవని భాగాలు కనుక, క్లాసులో చెప్పిన నాటకపు సారాంశాన్ని కంఠతా పట్టడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. గైడ్లకూ కొశ్చన్ బ్యాంకులకూ అలవాటుపడిన మనకు ఇది మింగుడు పడడానికి కొంత కాలం పడుతుంది.

అలాగని మన చదువులో దీనికి మూలాలు లేవనుకోనక్కర్లేదు. తెలుగు పరీక్షల్లో మనం రాసిన సందర్భ సహిత వ్యాఖ్యలను గుర్తు తెచ్చుకోండి. ఈ మాట ఎవరు ఎవరితో అన్నారు, ఏ సందర్భంలో అన్నారు, దాని భావమేమిటి అని రాసేవాళ్ళం. ఇక్కడి ప్రమాణం అడిగేది దాని తరువాతి మెట్టు. రచయిత ఆ మాటను ఆ పాత్ర నోట ఎందుకు పెట్టాడు, దానివల్ల కథ మొత్తానికి ఏం ఒనగూరింది, ఆ మాటే లేకపోతే మన అవగాహన ఎలా మారేది అన్నవి ఆ మెట్టులోని ప్రశ్నలు. రచనలోని ఆధారంతోబాటు విద్యార్థి సొంత వ్యాఖ్య కూడా ఉండాలని ప్రమాణంలోనే స్పష్టంగా రాసి ఉంది. ఇంగ్లీష్ వన్‌లో సమగ్రమైన స్పందనతో మొదలుపెట్టి, తరువాతి ఏడాది అర్థవివరణకూ, ఆ పై ఏడాది విశ్లేషణకూ, చివరి ఏడాది విలువ కట్టడానికీ విద్యార్థి ఎదగాలని నాలుగేళ్ళకూ ఒక వరుస ఏర్పాటు చేశారు. కాబట్టి పిల్లవాడు రాసిన పేరాలో కథాసారాంశం ఎంత ఉంది, సొంత వ్యాఖ్య ఎంత ఉంది అని చూడడం తల్లిదండ్రులు చేయగలిగిన మొదటి సాయం. మన పిల్లల వ్యాసాల్లో నేను చూసినంతవరకు సారాంశమే మూడొంతులు ఉంటుంది; వ్యాకరణం మాత్రం పొరపాటు లేకుండా ఉంటుంది.

ఆ అలవాటు ఎంత నష్టం చేస్తుందో మార్కుల పద్ధతి చూస్తే తెలుస్తుంది. స్టార్ అనే ఆ రాష్ట్ర పరీక్షలో ఇచ్చిన భాగాన్ని చదివి రాసే వ్యాసానికి 10 పాయింట్లు. భావాల అభివృద్ధికీ అమరికకూ 3, భాషా నియమాలకు 2 చొప్పున లెక్కకట్టి, దాన్ని రెట్టింపు చేస్తారు. భావాల వైపు సున్నా వస్తే భాష ఎంత శుభ్రంగా ఉన్నా ఆ రెండో భాగానికి కూడా సున్నాయే వేస్తారు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంగ్లీషు మీడియంలో చదివి వచ్చిన పిల్లవాడికి, ఇంగ్లీషు బాగా వచ్చు కదా అన్న ధీమా ఉండి కూడా మొదటి ఏడాది మార్కులు తగ్గడానికి కారణం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

ఇంట్లో అభ్యాసం చేయించడానికి ఇంగ్లీషు పుస్తకమే కావాలన్న నియమం లేదు. గురజాడ అప్పారావు గారు 1910లో రాసిన దిద్దుబాటు కథను పిల్లలతో కలిసి తెలుగులోనే చదవండి. తెలుగు చదవడం రాని పిల్లలకు మీరే చదివి వినిపించండి. అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరిన గోపాలరావుకు భార్య కమలిని కనబడదు, ఆమె రాసిన ఉత్తరం మాత్రం కనబడుతుంది. ఆ ఉత్తరం చదివాక అతని మాట తీరు ఎక్కడ మారింది, నౌకరు రాముడితో అతను నడుచుకునే పద్ధతి అతని సంస్కరణ మాటలకు ఎంతవరకు పొసుగుతుంది, కమలిని అంతసేపూ మంచం కింద ఉన్నదన్న సంగతి రచయిత చివరిదాకా దాచడం వల్ల అంతకుముందు చదివిన వాక్యాలకు కొత్త అర్థం ఏం వచ్చింది అని అడగండి. మీరు అడిగినవన్నీ తొమ్మిదో తరగతి ప్రమాణంలోని ప్రశ్నలే. ప్రతి జవాబుకూ కథలోని ఒక వాక్యాన్ని వేలుపెట్టి చూపించమనండి. ఎటువంటి ట్యూషన్ సెంటరు అయినా ఇంతకంటే మెరుగ్గా చేస్తుందని నేను అనుకోను. ఆ సెంటర్లలో వ్యాసానికి ముందే తయారుచేసి పెట్టిన మూసలను బట్టీ పట్టించడం కూడా జరుగుతున్నది. సొంత వ్యాఖ్య కోరే ప్రమాణానికి అది పూర్తిగా విరుద్ధం.

పదో తరగతిలో, అంటే ఇంగ్లీష్ టూలో, వివిధ కాలాల ప్రపంచ సాహిత్యాన్ని చదివి విశ్లేషించాలని ఉంది. పదకొండులో అమెరికన్ సాహిత్యం, పన్నెండులో బ్రిటిష్ సాహిత్యం ప్రధానమవుతాయి. ఈ పదో తరగతి అవకాశాన్ని మనవాళ్ళు దాదాపుగా ఎవరూ వాడుకోరు. స్వయంగా ఎంచుకున్న పుస్తకాన్ని చదవడం కూడా ప్రమాణాల్లో భాగమే కనుక, టీచరు అటువంటి పని ఇచ్చినప్పుడు కన్యాశుల్కాన్ని ఎంచుకోవచ్చా అని పిల్లలు అడగవచ్చు. వెల్చేరు నారాయణరావు గారి ఇంగ్లీషు అనువాదం గర్ల్స్ ఫర్ సేల్ పేరుతో 2007లో ఇండియానా యూనివర్సిటీ ప్రెస్ నుంచి వచ్చింది. ప్రేక్షకుడికి తెలిసిన నిజం పాత్రకు తెలియకపోవడమనే నాటక సాధనాన్ని టీచర్లు తరచుగా రోమియో అండ్ జూలియట్‌తో చెబుతారు. ఆడపిల్ల వేషం వేసిన శిష్యుణ్ణి లుబ్ధావధానులు డబ్బిచ్చి పెళ్ళాడడం కంటే దానికి మంచి ఉదాహరణ దొరకడం కష్టం. అడిగితే ఒప్పుకునే టీచర్లు ఉన్నారు, ఒప్పుకోనివారూ ఉన్నారు. ఏ ప్రమాణానికి ఈ నాటకం ఎలా సరిపోతుందో రెండు వాక్యాల్లో రాసి అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

పదో తరగతి ఇండియాలో పూర్తిచేసి వచ్చిన పిల్లల విషయంలో ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. టెక్సాస్‌లో హైస్కూలు పూర్తిచేయడానికి ఇంగ్లీషులో నాలుగు క్రెడిట్లు, అంటే కోర్సు పూర్తయినట్టు ఇచ్చే గుర్తింపులు, కావాలి. ఇంగ్లీష్ వన్‌కూ టూకూ కోర్సు చివర స్టార్ పరీక్ష ఉంటుంది. ఇక్కడ చేరకముందే ఆ కోర్సుకు సమానమైన చదువు పూర్తయిందని స్కూల్ డిస్ట్రిక్టు గుర్తించి క్రెడిట్ ఇచ్చినట్లయితే ఆ కోర్సు పరీక్ష రాయనక్కర్లేదు. అందువల్ల మార్కుల మెమోలు మాత్రమే కాకుండా, ఏయే విషయాలు ఏ స్థాయిలో చదివారో చూపే సిలబస్ ప్రతులను కూడా బయలుదేరేముందే తీసుకురండి. స్టార్ విధానాన్ని మార్చే చట్టం 2025లో వచ్చింది, మార్పులు 2027–28 నుంచి అమలులోకి రానున్నాయి. కనుక మీ పిల్లల తరగతికి ఏది వర్తిస్తుందో కౌన్సిలర్‌ను రాతపూర్వకంగా అడగండి.

కొందరు తల్లిదండ్రుల ఆందోళన వేరు. క్లాసులో చెప్పే నవలలో తమకు నచ్చని విషయాలున్నాయని, పిల్లల్ని ఆ పాఠం నుంచి తప్పించవచ్చా అని అడుగుతారు. బోధన సామగ్రిని పరిశీలించే హక్కు టెక్సాస్ చట్టం తల్లిదండ్రులకు ఇచ్చింది. మత, నైతిక విశ్వాసాలకు విరుద్ధమైన పాఠం నుంచి పిల్లల్ని తాత్కాలికంగా తప్పించే వీలు కూడా ఉంది. పరీక్షను ఎగవేయడానికి మాత్రం దాన్ని వాడుకోకూడదు. నా అభిప్రాయం అడిగితే, పాఠం నుంచి తప్పించడం కంటే బదులుగా చదవడానికి వేరే రచన ఇవ్వమని కోరడం మేలు, ఎందుకంటే నవల తప్పినా ఆ నవలతో నేర్పదలచిన నైపుణ్యం తప్పదు.

పదకొండో తరగతిలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి కోర్సు) ఇంగ్లీష్ లాంగ్వేజ్ తీసుకోవాలనుకునేవారు అది సాహిత్యపు కోర్సు కాదని తెలుసుకోవాలి. అందులో ప్రధానంగా వ్యాసాలు, ప్రసంగాలు, వాదనలు ఉంటాయి. కథలు, కవితలు, నాటకాలు ఏపీ లిటరేచర్‌లో వస్తాయి. ఏది తీసుకున్నా ఆ ఏటి రాష్ట్ర ప్రమాణాలు అలాగే వర్తిస్తాయి.

తల్లిదండ్రులను స్కూలుకు పిలిచే ఓపెన్ హౌస్ రోజున టీచరుతో మాట్లాడడానికి దొరికేది కొద్ది నిమిషాలే. ఆ సమయాన్ని ఏ పుస్తకం చెబుతున్నారని అడగడానికి ఖర్చు చేయకండి, అది టీచరు ఇచ్చే కోర్సు పత్రంలో ఉంటుంది. ఈ గ్రేడింగ్ కాలంలో ఏ ప్రమాణాల మీద పని జరుగుతున్నదో, మా పిల్లవాడి చివరి వ్యాసంలో ఆధారం బలహీనంగా ఉందో వ్యాఖ్య బలహీనంగా ఉందో అడగండి. టీచరు వ్యాసాన్ని తెరిచి ఒక పేరాను చూపిస్తే, ఆ పేరాను పిల్లవాడి చేత తిరిగి రాయించి, ట్యుటోరియల్ సమయంలో టీచరుకు చూపించమనండి.