కలకత్తా కాలేజ్ స్క్వేర్ బౌద్ధ విహారం చూడదగ్గదేనా?

కలకత్తాలో ఒక పూట ఖాళీ ఉంది, కాలేజ్ స్క్వేర్‌లోని మహాబోధి సొసైటీ (బౌద్ధ సంస్థ) విహారానికి వెళ్లొచ్చా, అక్కడ అంత చూడాల్సింది ఏముంది అని అడిగారు. తెలుగువారు కాబట్టి తప్పకుండా వెళ్లమంటాను. అక్కడ ఉన్నది మన భట్టిప్రోలు స్తూపంలో దొరికిన బుద్ధ ధాతువు, అంటే బుద్ధుడి శరీర అవశేషం.

ఆ విహారం పేరు శ్రీ ధర్మరాజిక చైత్య విహారం. శ్రీలంకకు చెందిన అనగారిక ధర్మపాల పూనుకుని కట్టించారు. 1920లో తెరిచారు. ఇక భట్టిప్రోలు సంగతి. పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రే 1892లో తవ్వకాలు జరిపేనాటికే స్తూపం ఇటుకలు చాలావరకు రోడ్లకూ కాలువ పనులకూ తరలిపోయాయి. అయినా అడుగున మూడు రాతి పేటికలు భద్రంగా మిగిలాయి. వాటి మీద ప్రాకృతంలో శాసనాలు, లోపల స్ఫటిక పేటికలు. ఆ తవ్వకాల్లో దొరికిన ధాతువునే ప్రభుత్వం ఈ విహారానికి ఇచ్చింది.

మాది రేపల్లె వైపు. చిన్నప్పుడు ఆ స్తూపం దిబ్బ పక్కనుంచే బస్సులో వెళ్లేవాళ్లం, దాని గురించి ఇంట్లో గానీ బళ్లో గానీ ఎవరూ చెప్పలేదు. ఆఫీసు పని మీద కలకత్తా వెళ్లినప్పుడు విహారంలో ఒక భిక్షువుతో మా ఊరి సంగతి చెప్పాను. ఆయన వెంటనే, స్తూపం ఇప్పుడెలా ఉంది, చుట్టూ కంచె వేశారా, జనం వస్తుంటారా అని ఆరా తీశారు. అంత దూరంలో ఉన్న మనిషికి మన ఊరి మీద ఉన్న శ్రద్ధ చూసి నాకు కళ్లు చెమర్చాయి. మన దగ్గర పిల్లలకు ఇది పాఠంగా చెప్పాలని గట్టిగా అనిపించింది.

భవనం మరీ పెద్దదేమీ కాదు. ముఖద్వారం పైన గుర్రపు నాడా ఆకారంలో కమాను ఉంటుంది, అజంతా చైత్యగుహల పద్ధతి. హడావిడిగా చూసి వచ్చేయకండి, హాల్లో కాసేపు కూర్చోండి. బయట కాలేజ్ స్ట్రీట్ పుస్తకాల దుకాణాల రద్దీ ఎంత ఉన్నా లోపల ప్రశాంతంగా ఉంటుంది. ధాతువు దర్శనం ఎప్పుడుంటుందో వెళ్లగానే అడగండి, రోజూ ఉంటుందనుకోవద్దు. మధ్యాహ్నం కాకుండా ఉదయమో సాయంత్రమో వెళ్తే మేలు. మహాత్మా గాంధీ రోడ్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లిపోవచ్చు.

ఇంకా టైముంటే అదే మెట్రోలో పార్క్ స్ట్రీట్ దాకా వెళ్లి ఇండియన్ మ్యూజియంలో మధ్యప్రదేశ్‌లోని భార్హుత్ స్తూపం నుంచి తెచ్చిన రాతి ప్రాకారం చూడండి. సోమవారం మాత్రం మ్యూజియానికి సెలవు.