సినిమా చూసి అమ్మ ఆపరేషన్ వద్దంటోంది.. మందులతో సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. పది రోజుల కిందట కాఫీ తాగుతుంటే కుడి చెయ్యి పట్టు తప్పి గ్లాసు జారిపోయింది. మాట ముద్దముద్దగా వచ్చింది. పావుగంటలో మామూలైపోయింది. పరీక్షలు చేసి, మెడలో ఎడమ వైపు కెరోటిడ్ రక్తనాళం 80 శాతం పూడిపోయిందని, ఆపరేషన్ చేయాలని చెప్పారు. ఈలోగా అమ్మానాన్నలు ‘అమూర్’ అనే ఫ్రెంచి సినిమా చూశారు. అందులో భార్యకు ఇదే ఆపరేషన్ తర్వాత పక్షవాతం వస్తుంది. అప్పటి నుంచి అమ్మ ససేమిరా అంటోంది. నాన్నకూ ధైర్యం చాలడం లేదు. మందులతో సరిపెట్టొచ్చా?
- ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మైఖేల్ హనేకే తీసిన ఆ సినిమా నేనూ చూశాను. 2012లో కాన్స్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం పామ్ డోర్, మరుసటి ఏడాది ఆస్కార్ అందుకుంది. ఎనభై దాటిన సంగీతం టీచర్ల జంట. మంచాన పడిన భార్యకు భర్త తినిపించడం, లేపి కూర్చోబెట్టడం.. మేం రోజూ ఇళ్లలో చూసేదే. మీ అమ్మగారు భయపడ్డారంటే ఆశ్చర్యం లేదు. కానీ సినిమాలో భార్యకు జరిగింది, ఆపరేషన్ వికటించిన కొద్దిమందికి జరిగేది. అంతా బాగైపోయి మళ్లీ పియానో ముందు కూర్చుంటే సినిమా అక్కడితో అయిపోతుంది కదా!

ఇంకో తేడా ఉంది. సినిమాలో ఆవిడ టిఫిన్ దగ్గర పలక్కుండా అలా చూస్తూ ఉండిపోతుంది, తర్వాత ఏమీ గుర్తుండదు. మినీ స్ట్రోక్ (కాసేపటికే తగ్గిపోయే పక్షవాతం లాంటి లక్షణాలు) సాధారణంగా అలా ఉండదు. మీ అమ్మగారికి వచ్చినవే దాని అసలు లక్షణాలు. ఎడమ నాళం రక్తం అందించే మెదడు భాగమే కుడి చేతిని, చాలామందిలో మాటను కూడా నడుపుతుంది. పూడిక దగ్గర నుంచి చిన్న గడ్డ ఊడి పైకి వెళ్లి, అదృష్టవశాత్తూ కరిగిపోయి ఉంటుంది. ఈసారి కరక్కపోతే పక్షవాతమే.

ఇలాంటి లక్షణాలు వచ్చి, పూడిక 70 శాతం దాటినవారిపై ఉత్తర అమెరికాలో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 1991లో వచ్చాయి. మందులే వాడినవారిలో రెండేళ్లలో నూటికి 26 మందికి పూడిక ఉన్న నాళం వైపు మెదడులో స్ట్రోక్ వచ్చింది. ఆపరేషన్ చేయించుకున్నవారిలో 9 మందికి. ఆపరేషన్ వల్ల వచ్చినవీ ఆ తొమ్మిదిలోనే ఉన్నాయి. ఇప్పటి మందులు మెరుగే గానీ, 80 శాతం పూడికకు వాటితో సరిపెట్టమని నేను చెప్పను.

పైగా టైమ్ తక్కువ. లక్షణాలు కనిపించిన రెండు వారాల్లోపు చేస్తేనే ఎక్కువ లాభం. మీకు పది రోజులు గడిచిపోయాయి. ఇది చదివిన రోజే సర్జన్‌ను కలవండి. ఆయన చేసిన ఆపరేషన్లలో ఎంతమందికి స్ట్రోక్ వచ్చిందో మొహమాటం లేకుండా అడగండి. మరణాలతో కలిపి నూటికి ఆరుకు మించకూడదు. గుండె పరిస్థితిని బట్టి, ఆపరేషన్ బదులు నాళాన్ని తెరిచి ఉంచే స్టెంట్ కుదురుతుందేమో కూడా ఆయనే చెప్పాలి. ఆస్పిరిన్, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) మాత్రం సొంతంగా ఆపొద్దు. మళ్లీ మాట తడబడినా, మూతి వంకరపోయినా తగ్గుతుందేమోనని చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

నాన్నగారి భయం వేరు. రేపు అమ్మ మంచాన పడితే ఒక్కడినే ఎలా చూసుకోవాలన్నది ఆయన టెన్షన్. సర్జన్ దగ్గరికి ఆయన్నీ తీసుకెళ్లి, అడగాలనుకున్నవన్నీ ఆయన్నే అడగనివ్వండి. సినిమాలో కూతురు అప్పుడప్పుడు వచ్చి, కంగారుపడి వెళ్లిపోతుంటుంది. మీరు ఆ రోజు వాళ్ల పక్కనే ఉండండి.