కొబ్బరికాయతో బోరు పాయింటు: నమ్మాలా, కొట్టిపారేయాలా?

మీరు రెండు విషయాలు అడిగారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే ఆయన మాట మీద బోరు వేయించవచ్చా అన్నది ఒకటి. పరీక్ష పెట్టకుండా 'మూఢనమ్మకం' అని తేల్చేయడం కూడా ఒక నమ్మకమే కదా అన్నది రెండోది. రెండోదానికి నా జవాబు అవుననే. కాబట్టి పరీక్ష ఎలా పెట్టాలో చెబుతాను.

ముందు కాయ ఎందుకు లేస్తుందో చూద్దాం. అరచేతిలో పడుకోబెట్టిన కాయకు నిలకడ ఉండదు. వేళ్లవైపు రవ్వంత లేపితే చాలు, లోపలి నీళ్లు వెనక్కి జారి కాయ పైకి లేస్తుంది. వేప పంగలకర్రదీ ఇదే సంగతి. రెండు కొమ్మలనూ విడదీసి బిగబట్టి పట్టుకుంటారు కాబట్టి మణికట్టు కొంచెం తిరిగినా కర్ర ఒక్క ఊపున వాలిపోతుంది. చెయ్యి కదిలిన సంగతి ఆయనకే తెలియదు, కాబట్టి దీన్ని మోసం అనకూడదు. మనసు ఎదురుచూస్తున్న కదలికను కండరాలు మనకు తెలియకుండానే చేసేస్తాయి. 1852లో విలియం కార్పెంటర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీనికి ఐడియోమోటర్ అని పేరు పెట్టాడు. కాయ లేచిన చోటే స్టూలు వేసి, గిన్నెలో అదే కాయను పడుకోబెట్టండి, కదలదు. "మనిషి ఒంట్లోంచి పోవాలి, అదీ ఓ పాజిటివ్ రక్తం వాళ్లకే" అంటారు. సరే, ఆ మాట ఒప్పుకునే పరీక్షే పెడదాం.

చేలో 50 మీటర్ల తాడు పరిచి మీటరుకో ముడి వేయండి. కళ్లు తెరిచి తాడు వెంట నడిచి, జల బాగా ఉన్న ఒక్క చోటు చూపించమనండి. రెండు మూడు చోట్లు చెబితే ఒప్పుకోవద్దు, లెక్క చెడుతుంది. ఆ ముడి నంబరు కాగితం మీద రాసి, నేల మీద గుర్తేమీ లేకుండా చేయండి. తర్వాత ఆయనకు గంతలు కట్టి ఐదుసార్లు నడిపించండి. ప్రతిసారీ వేరే ముడి దగ్గర మొదలుపెట్టి తాడు పొడవునా తిప్పాలి, లేకపోతే అడుగులు లెక్కపెట్టుకోవచ్చు. కాళ్లకు చెప్పులు ఉండాలి, ఉత్త పాదానికి గట్టూ దుక్కీ తెలిసిపోతాయి. అన్నిటికంటే ఎక్కువగా చెడేది చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి దగ్గర. మొదటి గుర్తు తెలిసినవాడైతే అక్కడికి రాగానే తనకు తెలియకుండానే అడుగు నెమ్మదిస్తాడు. అందుకని మొదటిసారి అక్కడ లేని మనిషినే పెట్టండి. చూసేవాళ్లను దూరంగా ఉంచండి, "అదిగో" అని ఒక్కరన్నా పరీక్ష పోయినట్టే. పాత గుర్తుకు అటో మీటరు ఇటో మీటరు లోపు ఊరికే తగలడానికి అవకాశం 100కి 4. ఐదింటిలో మూడు తగిలితే నేనైతే కాకతాళీయం అనను, మళ్లీ పరీక్ష పెట్టమంటాను.

మూతపెట్టిన పది క్యాన్లలో ఒకదాంట్లోనే నీళ్లు పోసే పరీక్ష కూడా ఉంది. ఆయన "పారే జలే తెలుస్తుంది, క్యాను నీళ్లు కాదు" అంటే దాన్ని వదిలేయండి. ఒప్పుకుంటే ముందు మూత తీసి కాయ లేస్తుందో లేదో చూడండి, తర్వాత పదిసార్లు చేయండి. నీళ్లు ఏ క్యానులో పోయాలో ప్రతిసారీ చెంబులోంచి నంబరు చీటీ తీసి తేల్చాలి, తీసినదాన్ని మళ్లీ చెంబులో వేయాలి. చాలామంది ఇది మర్చిపోతారు, దాంతో చివరి చీటీలు ఊహకు అందిపోతాయి. చల్లటి నీళ్లు పోయకండి, క్యానుకు బయట చెమట పట్టి గుట్టు బయటపడుతుంది. పదింటిలో ఐదు అంతకంటే ఎక్కువ కుదరడం అదృష్టం మీద వెయ్యిసార్లలో రెండుసార్లు కూడా జరగదు.

ఇలాంటిది పెద్ద ఎత్తున జరిగింది కూడా. 1987-88లో జర్మనీలోని మ్యూనిక్ దగ్గర, ఒక కొట్టం కింది అంతస్తులో నీళ్ల గొట్టాన్ని బండి మీద జరుపుతూ, పై అంతస్తులో, నీళ్లు చూసేవాళ్లలోంచి వడపోసి ఎంచుకున్న 43 మందిని గొట్టం ఎక్కడుందో చెప్పమని నడిపించారు. మొత్తం 843 పరీక్షలు జరిగాయి. చేయించినవాళ్లు కొందరికి శక్తి ఉందన్నారు. 1999లో ఎన్‌రైట్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆ లెక్కలు తిరగేస్తే, అందరికంటే బాగా చేసినాయన కూడా 10 మీటర్ల గీత మధ్యలో ఊరికే వేలు పెట్టినదానికంటే సగటున 4 మిల్లీమీటర్లే మెరుగు.

మరి అంతమందికి నీళ్లు ఎలా పడుతున్నాయి? రాయలసీమలో, తెలంగాణలో చాలాచోట్ల అడుగున గ్రానైటే. పైన మెత్తబడ్డ పొరలోనూ, కింద చీలికల్లోనూ నీళ్లుంటాయి కాబట్టి ఎక్కడ వేసినా కొన్ని బోర్లు పడతాయి. ఎండినవాటికి "మూడడుగులు పక్కకు వేశారు", "ఇంకాస్త లోతుకు పోవాల్సింది" అన్న మాటలు సిద్ధంగా ఉంటాయి. జియాలజిస్టు సర్వేకీ తప్పులుంటాయి. ఆ సర్వేలో నాలుగు ఇనుప కడ్డీలు పాతి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూస్తారు. తడి చీలికకూ బంకమట్టికీ రీడింగు ఒకేలా తక్కువగా రావచ్చు.

అందుకని ఇద్దరిలో ఎవరిని పిలిచినా బోరు బండి రాకముందే కాగితం మీద రాయించుకోండి: పాయింటు, ఎన్ని అడుగులు, ఎన్ని నీళ్లు. "ఒకటిన్నర ఇంచు" అని రాస్తే ఒక్కొక్కరిది ఒక్కో కొలత. 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని నిమిషాల్లో నిండాలో రాయండి.

బండి ముందు కొబ్బరికాయ కొట్టి అగరుబత్తి వెలిగించడం మీరు అడగలేదు గానీ, దానికి పరీక్ష అక్కర్లేదు. నీళ్లు ఎక్కడున్నాయో ఆ కాయ చెప్పడం లేదు కదా.