పద్యం పొలం తడుపుతుందా? పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: కవిత్వం బతుకును అర్థం చేయిస్తుందంటారు. నేను చదివిన కవితల్లో ‘బాధగా ఉంది’ అన్నదొక్కటే కనిపిస్తుంది. పొలం ఎండితే పద్యం తడుపుతుందా? (పాఠకుడు, దేవరకొండ)

జవాబు: తడపదు. అది బోరు చేయాల్సిన పని. చావు జరిగిన ఇంట్లో ఆడవాళ్లు శోకాలు పెట్టి ఏడుస్తుంటే ఒకసారి చెవిపెట్టి వినండి. ‘మరణం’, ‘వేదన’ లాంటి మాటలు దాదాపు ఉండవు. పోయినవాణ్ని వరస పెట్టి పిలుస్తారు: ‘ఓ కొడుకా’, ‘ఓ నాయనా’. ఆ తర్వాత అతను చేసిన పనో, వాడిన వస్తువో వస్తుంది: కట్టిన గోడ, పట్టిన నాగలి, పొద్దుగూకి ఇంటికొచ్చే బాట. చివర ఒక ప్రశ్న: ఇక ఈ బాటన ఎవరొస్తరు? గొంతుకు అడ్డంపడ్డ దుఃఖం ఈ మూడు మెట్ల మీదుగా దిగుతుంది. ఎందుకు పోయాడో ఎవరూ తేల్చరు. పోయిందేమిటో మాత్రం అందరికీ తెలుస్తుంది. కవిత్వం చేసే పని ఇదే.

మీరు చదివినవి తేలిపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ‘గుండె’, ‘కన్నీరు’ అంటూ కవి లెక్క తానే చేసేసుకుని మనకు జవాబు మాత్రం చూపిస్తున్నాడు. కవితలో కంటికి కనిపించే, చేతికి తగిలే వస్తువుల కింద గీత గీయండి. పది పంక్తుల్లో ఒక్క గీతా పడకపోతే పక్కన పెట్టేయొచ్చు. పడితే రెండుసార్లు పైకి చదవండి. మొదటిసారి అర్థం పట్టించుకోకుండా, రెండోసారి ఊపిరి ఆగిన చోటల్లా ఆగుతూ. నీతి కోసం వెతకొద్దు. బళ్లో ప్రతి పద్యానికీ ‘భావం’ రాయించి మనకు అంటించిన జబ్బు అది.

ప్రశ్న: మరి ఛందస్సు దేనికి? (పాఠకురాలు, వనపర్తి)

జవాబు: వేమన పద్యాల ఛందస్సు ఆటవెలది చూడండి. గణమంటే కొన్ని అక్షరాల గుంపు, మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత సేపు. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణానికి 3 మాత్రలు, ఇంద్రగణానికి 4 లేదా 5. అంటే బేసి పాదం 17 నుంచి 19 మాత్రల దాకా సాగితే, సరి పాదం సరిగ్గా 15 దగ్గర తెగుతుంది. మాట చెయ్యి చాచి, పిడికిలి బిగించినట్టు ఉంటుంది. వేమన నాలుగో పాదాన్ని ‘విశ్వదాభిరామ వినురవేమ’ అన్న మకుటానికి ఇచ్చేశాడు కనుక చెప్పదలచింది మూడు పాదాల్లోనే ముగియాలి. ఆ ఇరుకే పదును. గణం నిండలేదని ఉత్తి మాటలతో పూడిస్తే పదును పోతుంది. పద్యాలు చెడేది ఎక్కువగా అక్కడే.

కథ నడపడానికి ఆ ఇరుకు పనికిరాదు. అందుకే మీ పక్కనే వర్ధమానపురం ఏలిన గోన వంశపు బుద్ధారెడ్డి 13వ శతాబ్దంలో రంగనాథ రామాయణానికి ద్విపద ఎంచుకున్నాడు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. రెండేసి పాదాలుగా ఎంతదూరమైనా పాడుకుంటూ పోవచ్చు.

ప్రశ్న: నేనూ రాయొచ్చా? (విద్యార్థిని, మిర్యాలగూడ)

జవాబు: రాయండి. ‘బాధ’ అన్న మాట లేకుండా ఎనిమిది పంక్తులు. వారం ఆగి, మొదటి రెండూ కొట్టేసి చూడండి. చాలాసార్లు అవి గొంతు సవరించుకోవడమే.