బీటెక్ చదివిన అమ్మాయి చిన్నపిల్లల బడికి వెళ్తానంటే...

ప్రశ్న: మాది అనంతపురం. పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ చేసి రెండేళ్లుగా మంచి ఉద్యోగం చేస్తోంది. ఇప్పుడు అది మానేసి ప్రైమరీ స్కూలు పిల్లలకు డిజైన్ అండ్ టెక్నాలజీ నేర్పుతానంటోంది. రోబోటిక్స్ నేర్పే సంస్థ ఒకటి ట్రైనర్‌గా రమ్మంటోంది. మా బావమరిది బీఎడ్ చేయించమంటున్నాడు. ఆన్‌లైన్‌లో ఇంటర్నేషనల్ పీజీసీఈ అనే బ్రిటిష్ టీచర్ ట్రైనింగ్ కోర్సు చేస్తే విదేశాల్లో టీచరు కావచ్చని ఇంకొకరు చెప్పారు. ఏది మంచిదో పోల్చి చెప్పండి మేడమ్. ఇంత చదివించింది ఇందుకేనా అని నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ అసలు ప్రశ్న చివరి వాక్యంలో ఉందండీ. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, చాలావాటిలో ఆ వాక్యం చివర్లోనే ఉంటుంది. అందుకే దానికే ముందు జవాబు చెబుతాను.

మొన్నామధ్య వైట్‌ఫీల్డ్ వైపు ఒక స్కూల్లో రెండో తరగతి గదిలో ఓ గంట కూర్చున్నాను. పిల్లలు అట్టపెట్టెలతో బండి చేస్తున్నారు. ఒక బాబు నీళ్ల బాటిల్ మూతల్ని చక్రాలుగా పెట్టి, ఫెవికాల్‌తో నేరుగా పెట్టెకే అంటించేశాడు. తోస్తే బండి ఈడ్చుకుంటూ పోతోంది, చక్రం తిరగడం లేదు. టీచరు తప్పు అనలేదు. వంగి, ‘నీ బండిలో ఏది తిరగాలి, ఏది తిరగకూడదు?’ అని అడిగి పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. వాడు చాలాసేపు ఆలోచించాడు. మూతలు ఊడబీకాడు. పెట్టె అడుగున స్ట్రా ముక్కలు టేపుతో అంటించి, వాటిలోంచి వెదురుపుల్లలు దూర్చి, చివర్లకు మూతలు గుచ్చాడు. ఈసారి బండి నడిచింది కానీ కుంటుతూ నడిచింది, మూతలకు చిల్లు నడిమధ్యలో పడలేదు మరి. పక్కనున్న పాప మూత చుట్టూ కాగితం మీద గీసి, ఆ గుండ్రాన్ని కత్తిరించి, రెండుసార్లు మడిచి విప్పింది. మడతలు కలిసిన చోటు చూపించి ‘ఇక్కడ గుచ్చు’ అంది.

తిరిగే ఆ పుల్లా, దాన్ని పట్టుకున్న ఆ స్ట్రా ముక్కా, మీ అమ్మాయి కాలేజీలో చదివిన షాఫ్టూ బేరింగూ ఇవే. ఆ టీచరుకు అవి తెలుసు కాబట్టే అంత చిన్న ప్రశ్న అడగగలిగింది. కాబట్టి చదువు వృథా అవుతుందన్న భయం వదిలేయండి. అరవింద్ గుప్తా ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్ చదివి, పారేసే వస్తువులతో పిల్లలకు సైన్సు బొమ్మలు చేయడం నేర్పుతూ జీవితం గడిపారు. 2018లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇంగ్లండ్‌లో 1990 నుంచి ఈ డిజైన్ అండ్ టెక్నాలజీ జాతీయ పాఠ్యప్రణాళికలో ఉంది. ఏడేళ్లలోపు వాళ్లకు మీటలు, చక్రాలు, ఇరుసులు. ఆపైన పదకొండేళ్ల దాకా గేర్లు, కప్పీలు, బల్బూ మోటారూ పెట్టిన సర్క్యూట్లు. వంట కూడా అందులో భాగమే. ఎవరి కోసం చేస్తున్నామో ముందు తేల్చుకోవడం, చేయడం, చేసినదాన్ని పరీక్షించి సరిదిద్దుకోవడం. మన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో ఒకటి నుంచి ఐదు దాకా ఆ పేరుతో విడి సబ్జెక్ట్ లేదు. ఇది మీ అమ్మాయికి ముందే తెలియాలి. చిన్న తరగతుల్లో ఆమె క్లాస్ టీచరుగా ఉంటూ, లెక్కల్లో, పరిసరాల విజ్ఞానంలో ఈ పని కలుపుకోవాలి. పిల్లలు చేతులతో వస్తువులు చేసే మేకర్ ల్యాబ్ విడిగా ఉన్న ప్రైవేటు స్కూళ్లు ఈ ఊళ్లో ఉన్నాయి కానీ వాటిని నమ్ముకుని ఉద్యోగం మానేయమని నేను చెప్పను. కేంద్ర ప్రభుత్వం బడుల్లో పెట్టించే ఇలాంటి అటల్ టింకరింగ్ ల్యాబులు ఆరో తరగతి నుంచే. 2020 విద్యావిధానం చెప్పిన, పుస్తకాల సంచి లేకుండా చేతిపనులు నేర్చుకునే పది బ్యాగ్‌లెస్ రోజులు కూడా ఆరు నుంచి ఎనిమిది వాళ్లకే.

ఇప్పుడు మీరడిగిన పోలిక. ఐదో తరగతి లోపు పిల్లలకైతే బీఎడ్ దారి కాదు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది. చిన్న తరగతుల టీచర్ల కోసం ఉన్న రెండేళ్ల డిప్లొమా, డీఎల్‌ఎడ్, కావాలి. ఇంటర్ అయిన పిల్లల పక్కన కూర్చోవాలి, నామోషీ పడకూడదు. ఆరు నుంచి ఎనిమిదికైతే బీఎడ్ సరిపోతుంది, మీ బావమరిది మాట అక్కడ చెల్లుతుంది. టెట్ సంగతులు అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నాను. ఇంటర్నేషనల్ పీజీసీఈ చేసినంత మాత్రాన టీచరుగా ఇంగ్లండ్ ఇచ్చే అధికారిక గుర్తింపు, క్యూటీఎస్, రాదు. డబ్బు కట్టే ముందు ఈ ఒక్క మాట అడగండి, ఫోన్లో అవతలి గొంతు ఎలా మారుతుందో మీకే తెలుస్తుంది.

నా అనుమానమంతా రోబోటిక్స్ సంస్థ మీదే. అక్కడి క్లాసులు కొన్ని చూశాను. పెట్టెలోంచి ముక్కలు తీస్తారు, బొమ్మల పుస్తకంలో ఉన్నట్టు ఒకటో అంకె నుంచి ఇరవయ్యో అంకె దాకా తగిలిస్తారు, రోబో కదులుతుంది, అమ్మానాన్నలకు వీడియో వెళ్తుంది. మళ్లీ ముక్కలు విప్పి పెట్టెలో సర్దేస్తారు. ఏది తిరగాలి, ఏది తిరగకూడదు అని ఆ గంటలో ఏ పిల్లా అనుకోవలసిన అవసరం రాలేదు. నాకు బాధేసింది. కోడింగే కావాలంటే ఎంఐటీ వాళ్లు చేసిన స్క్రాచ్ 2007 నుంచి ఉచితంగానే ఉంది. ట్రైనర్లుగా చేరి ఏడాదిలో నా దగ్గరికి వచ్చిన అమ్మాయిలు చెప్పినది ఒకటే. పగలు క్లాసు, సాయంత్రం తల్లిదండ్రులకు ఫోన్లు, డెమోకు వచ్చినవాళ్లలో ఎంతమందిని చేర్పించావన్న లెక్క. అన్ని సంస్థలూ ఇంతేనని అనను. జీతంలో ఎంత భాగం అడ్మిషన్ల మీద ఆధారపడిందో ఆఫర్ లెటర్లో చదవమనండి.

మీ మీద కాస్త కోపం కూడా వచ్చిందండీ. ఉత్తరంలో బావమరిది ఏమన్నాడో రాశారు, ఎవరో చెప్పిన కోర్సు గురించి రాశారు. అమ్మాయికి ఈ ఆలోచన ఎందుకొచ్చిందో ఒక్క ముక్క రాయలేదు. అడగలేదనే అనుకుంటున్నాను. జీతం తగ్గుతుంది, నిజమే. ఆ లెక్క ఆమె వేసుకునే ఉంటుంది. రేపు ఊళ్లో పెళ్లికెళ్తే ‘మీ అమ్మాయి ఏం చేస్తోంది’ అని అడిగేవాళ్లకు ఏం చెప్పాలన్నదే మీ బెంగ అయితే, ఆ బరువు ఆమె మీద పెట్టకండి. ఆమె దారి తప్పలేదు. మీ పెంపకంలో లోపమూ లేదు. రెండేళ్లు సంపాదించి, ఆలోచించి అడుగుతున్న పిల్ల.

ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానొద్దనండి. ఇక్కడ చాలా బడులు శనివారం పొద్దున నడుస్తాయి, ఆమెకు సెలవు. దగ్గర్లోని ఒక బడిలో హెడ్‌మాస్టర్‌ను అడిగి వరసగా పది శనివారాలు వెళ్లమనండి. కన్నడం వస్తే సరే, రాకపోతే అక్కడి పిల్లలే నేర్పుతారు. మూతలు, స్ట్రాలు, అట్టలు ఇంట్లోవే చాలు. మోటార్లు కావాలంటే ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకు మీరే తోడు వెళ్లండి. నలభైమంది గోలలో కూడా ఆమెకు మళ్లీ వెళ్లాలనిపిస్తే, చిన్నపిల్లలా ఆరో తరగతి పైవాళ్లా అన్నది ఆమెకే తెలిసిపోతుంది. అప్పుడు నాకు మళ్లీ రాయండి, ఈసారి ఆమెనే రాయమనండి. డీఎల్‌ఎడ్ కాలేజీల గురించి అప్పుడు మాట్లాడుకుందాం.